మా అన్న జీపుకు రెండో టంకీ

మా అమ్మ కూర్చునే సీటు కిందే ఇంకో పెట్రోల్ టంకీ పెడతానని అన్న చెప్పినప్పుడు నేను జాకెట్టు ఇస్త్రీ చేస్తున్నాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చి కిందికి చూస్తే జాకెట్టు వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. మర్నాడు బడికి వేసుకుపోదామనుకున్న జాకెట్టు అది.

"ఏం టంకీ? యాడ పెడ్తవ్?" అని మళ్ళీ అడిగాను, నా చెవుల మీద నాకే నమ్మకం లేక.

"పెట్రోల్ టంకీ. జీపుకు. ఎన్క సీటు కింద మస్తు జాగ ఉంది," అన్నాడు అన్న, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత తేలికగా.

"ఆ సీటు మీద కూసునేది అమ్మ!"

"అయితే ఏమైతది? ముందు టంకీ మీద నేను కూసుంటలేనా?"

ఇది నాకు రెండో దెబ్బ. ఆ కాలపు జీపుల్లో పెట్రోల్ టంకీ డ్రైవరు సీటు కిందే ఉంటుందట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ జీపు ఎక్కి దిగుతున్నాను గానీ నాకు ఆ సంగతి తెలియదు. అంటే మా నాయిన బతికినన్నాళ్ళూ పెట్రోల్ మీద కూర్చుని, బీడీ మీద బీడీ కాలుస్తూ, మమ్మల్నందరినీ ఊరేగించాడన్నమాట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నాయిన పాలమూరు జిల్లా నుంచి కూలిపనికి ముంబై వచ్చి, సైట్లలో ఇటుకలు మోసి, ఒక కంట్రాక్టరు దగ్గర డ్రైవింగు నేర్చుకున్నాడు. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న జీపు ఒకటి ఆ కంట్రాక్టరు దగ్గర ఉండేది. పొద్దున మేస్త్రీలను, సాయంత్రం సిమెంటు సంచులను మోసేది. ఆయన పని మానుకుని పోతూ పోతూ, "ఇది నీ మాటే వింటుంది, నువ్వే ఉంచుకో" అని నాయినకు ఇచ్చి పోయాడు. అప్పటి నుంచి కామాటిపురాలో మా గల్లీ మొదట్లో, నల్లా పక్కన, దానిదొక స్థానం. నాయిన తర్వాత అది అన్న చేతికి వచ్చింది. అన్న ప్లంబరు. పైపులూ పానాలూ అందులోనే తిప్పుతాడు. అప్పుడప్పుడూ సినిమా షూటింగుల వాళ్ళు అద్దెకు తీసుకుపోతారు. ఒకసారి మేముండే గదుల వరసల చాల్ మొత్తం కదిలి ఒక సినిమాకు వెళ్ళాం. తెర మీద మా జీపు వెనక చక్రం ఒకటి కనబడి మాయమైంది. దానికే మా వాళ్ళు ఈలలు వేశారు.

ఆ జీపులో నాకు ఒళ్ళు మండేది ఒక్కటే. పెట్రోల్ ఎంతుందో చూపించే ముల్లు నాకు తెలిసినప్పటి నుంచీ సగం దగ్గరే నిలబడి ఉంది. టంకీ నిండినా సగమే, ఎండినా సగమే. "ముల్లు బాగుచేయించు, ఇంకో టంకీ ఎందుకు?" అని నేను అన్నతో కొట్లాడాను. నాకు నోరు కొంచెం పెద్దదే. మున్సిపల్ తెలుగు బడిలో పంతులమ్మను కాబట్టి అరుపు అలవాటు. తెలుగు పిల్లలు తగ్గిపోయి క్లాసులో గుప్పెడు మందే మిగిలినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

 అన్న నా చెయ్యి పట్టుకుని ఇళ్ళ ముందుండే గ్యాలరీ చివరికి, బట్టలు ఆరేసుకునే చోటికి తీసుకుపోయాడు. లోపల అమ్మకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఆ దినం ఇంకో టంకీ ఉంటే నాయిన ఊర్ల పోతుండె. రోడ్డు మీద పోకపోతుండె," అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు.

"నాయినను సంపింది నేనే. టంకీ ఖాలీ అయ్యేదాంక నడిపిన. అమ్మకు చెప్పకు. చెప్తే నా మీదొట్టు."

తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి మా ఇద్దరి మధ్యకు వచ్చి పడింది. దాన్ని పక్కకు తోసి చూస్తే అన్న ఏడుస్తున్నాడు. పెళ్ళయి పిల్లలున్న మనిషి, ముక్కు చీదుకుంటూ. నాయిన పోయి అప్పటికి కొన్నేళ్ళు. ఇన్నేళ్ళూ పక్క ఖోలీలోనే, గోడ అవతలి గదిలోనే ఉంటూ, రోజూ పొద్దున చాయ్ కలిసి తాగుతూ, ఈ మనిషి కడుపులో ఇంత పెట్టుకు తిరిగాడా అని నాకు నిజంగా తల తిరిగింది.

ఆ దినం సంగతి చెప్పాలి. నాయినకు ఊపిరితిత్తులు పూర్తిగా పాడై, ఇక ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానాలో చెప్పేశారు. నాయిన ఖోలీకి రానన్నాడు. ఊరికి పోతానన్నాడు. పుట్టిన మట్టిలోనే పెట్టాలని ఆయన కోరిక. పొద్దున్నే జీపు వెనక పరుపు పరిచి పడుకోబెట్టాం. నాయిన తల ఒళ్ళో పెట్టుకుని అమ్మ వెనక కూర్చుంది. అన్న నడుపుతున్నాడు, నేను ముందు సీట్లో అన్న పక్కన. పూణె దాటింది, సోలాపూర్ దాటింది. ఒక పెట్రోల్ పంపు కనబడితే అన్న వేగం తగ్గించాడు. వెనక నుంచి అమ్మ, "ఆపకు. సీదా పోనియ్" అంది. అన్న ముల్లు వైపు చూశాడు. సగం. ఎంత పోయించాడో, ఎంత దూరం వచ్చాడో మనసులో లెక్క వేసుకుని, పోనిచ్చాడు. ఆ లెక్క తప్పింది. ముందూ వెనకా ఊరు లేని చోట జీపు ఊగి, దగ్గి, ఆగిపోయింది. అన్న డబ్బా పట్టుకుని ఎండలో పరుగెత్తాడు. పోయే బండి ఏదైనా ఆపుదామని నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఏదో ట్రాక్టరు ఎక్కి పోయి, పెట్రోల్ తీసుకుని తిరిగి వచ్చేసరికి అమ్మ ఒకే మాట అంది. "నాయిన పోయిండురా."

నాకు తెలిసిన కథ ఇంతవరకే. దుఃఖంలో నేను ఇంకేమీ కలిపి చూసుకోలేదు. ఆయన పోయే మనిషే, దారిలో పోయాడు అనుకున్నాను. అన్న మాత్రం, తాను డబ్బా పట్టుకుని పరుగెత్తిన ఆ కాసేపట్లోనే ఆయన పోయాడనీ, జీపు ఆగకపోతే ఊరు చేరేవాడనీ, చేరి తన వాళ్ళ మధ్య కళ్ళు మూసేవాడనీ ఇన్నేళ్ళుగా నమ్ముతున్నాడు. అమ్మ ఆపొద్దన్నా తాను ఆపాల్సింది అని తనను తాను తిట్టుకుంటున్నాడు.

ఇక టంకీ వద్దని ఎలా అంటాను?  అమ్మ మాత్రం విషయం తెలియక ఎద్దేవా చేస్తూనే ఉంది. "ఒక టంకీ నింపనీకే నీకు శాతనైతలేదు, ఇంకోటెందుకురా?" అంటే అన్న నవ్వేసేవాడు. 

మా చాల్‌లో నల్లా తెల్లవారుజామున కాసేపే వస్తుంది. అందుకని ప్రతి ఖోలీ ముందూ గ్యాలరీలో రెండు నీలం డ్రమ్ములు ఉంటాయి. రెండింటినీ అడుగున ఒక పైపుతో కలుపుతారు. ఒక దాంట్లో నల్లా గొట్టం పడేస్తే చాలు, రెండూ ఒకే మట్టానికి నిండుతాయి. ఒక దాంట్లో ముంచుకుంటే రెండూ కలిసే తగ్గుతాయి. మా అంతస్తులో ఆ డ్రమ్ములన్నీ కలిపింది అన్నే. చుట్టుపక్కల బిల్డింగుల మీద టంకీలు పెట్టేదీ అన్నే. కాబట్టి జీపుకు టంకీ కోసం ఏ మెకానిక్కు దగ్గరికీ పోలేదు. నాగ్‌పాడాలో రేకుల పని చేసే దుకాణంలో కొలత ఇచ్చి డబ్బా చేయించాడు. మిగతాదంతా గల్లీలో, జీపు కింద పడుకుని, తానే బిగించాడు. ముందు టంకీ అడుగుకూ వెనక టంకీ అడుగుకూ ఒక గొట్టం. అంతే. అచ్చం మా డ్రమ్ముల లాగే.

అది చాలదన్నట్టు ఓవర్‌ఫ్లో పైపు కూడా పెట్టాడు. ముంబైలో ప్రతి బిల్డింగు టంకీకీ పైన పక్కగా ఒక పైపు ఉంటుంది. టంకీ నిండితే అందులోంచి నీళ్ళు బయటికి కారతాయి, అది చూసి వాచ్‌మన్ మోటారు ఆపుతాడు. జీపుకూ అలాంటిదే ఒకటి వెనక టంకీ పైనుంచి కిందికి వంచి, రోడ్డు వైపు వదిలాడు.

"మరి వాచ్‌మన్‌ను గూడ పెట్టు," అన్నాను.

"నువ్వున్నవ్ గదా," అన్నాడు.

గల్లీ అంతా చూసి మెచ్చుకుంది. ఎదురింటి ముసలి మేస్త్రీ తాత వంగి, గొట్టం పట్టుకుని ఊపి, "బరాబర్ ఉంది" అన్నాడు. ఆయన బరాబర్ అన్నాక మా చాల్‌లో ఇక దానికి తిరుగులేదు. నాతో సహా ఎవరికీ అనుమానం రాలేదు. బిల్డింగు ఎక్కడైనా కొండ ఎక్కుతుందా? కట్టడాల మీద బతికిన వాళ్ళం. టంకీ అంటే కదలకుండా ఒక చోట ఉండేదనే మా అందరి లెక్క.

అన్న రెండు టంకీలూ నింపి, కామాటిపురా నుంచి సముద్రం ఒడ్డు దాకా తిప్పి తెచ్చాడు. చుక్క కారలేదు. అయితే టంకీ వల్ల సీటు ఎత్తయి, అమ్మ కాళ్ళు కిందికి ఆనడం లేదు. బల్ల మీద కూర్చోబెట్టిన చిన్నపిల్ల లాగా కాళ్ళు వేలాడేసుకుని, "గిదేం సీటురా, నన్ను ఊరేగిస్తవా?" అని తిట్టింది. వదిన టంకీకి పసుపు పూసి బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. హారతి వెలిగించబోతే నేను ఒక్క అరుపు అరిచాను. అప్పుడు నవ్విన వాళ్ళను ఇప్పుడు పిలిచి అడగాలనిపిస్తుంది.

పెత్రమాస వచ్చింది. మా వైపు ఆ అమావాస్యకు పోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తారు. నాయిన మట్టి దగ్గరికి పోయి, ఆ ఊళ్ళోనే ఇవ్వాలని అమ్మ పట్టుబట్టింది. అన్న ముఖం వెలిగిపోయింది. ఎక్కడా ఆగకుండా, పెట్రోల్ కోసం ఒక్క పంపు దగ్గరా నిలబడకుండా, ఊరి దాకా పోతానన్నాడు. ఆ మాటను అమ్మ హుషారు అనుకుంది. నాకు మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకుంది. పిల్లల పరీక్షలని వదిన ఆగిపోయింది. మేం ముగ్గురమే, ముందు అన్నా నేనూ, వెనక ఎత్తు సీటు మీద అమ్మా, ఒళ్ళో బియ్యం మూటా.

ముంబై దాటి ఖండాలా ఘాట్ ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. ఘాట్ సగంలో ముందెక్కడో లారీ అడ్డం పడిందట, బండ్లన్నీ ఆగిపోయాయి. ఏటవాలు మీద జీపు ముక్కు పైకెత్తి నిలబడింది. కాస్త కదులుతాం, మళ్ళీ ఆగుతాం. ఎండ ఎక్కుతోంది.

"పెట్రోల్ వాసనొస్తుందిరా," అంది అమ్మ.

"పాత బండి గదా, వస్తది," అన్నాడు అన్న.

నాకూ వస్తోంది. ముక్కులోంచి గొంతులోకి దిగేంత వాసన. వెనక్కి తిరగబోతుంటే మోటారుసైకిల్ మీద ఒకతను మా పక్కకు వచ్చి, జీపు రేకు మీద దబదబ కొట్టాడు. "ఓ భావూ! పెట్రోల్ సాండతంయ్!" అని అరిచాడు. పెట్రోల్ ఒలికిపోతోందట.

దిగి చూశాను.  అన్న పెట్టిన ఓవర్‌ఫ్లో పైపులోంచి చిటికెన వేలంత ధార. ఆగి ఆగి కాదు, నల్లా తిప్పినట్టు. సైలెన్సర్ పక్కనుంచే పడుతోంది. రోడ్డు మీద పాయ కట్టి, వెనకున్న లారీ చక్రాల కిందికి పారుతోంది. నేను తల ఎత్తేసరికి లారీ డ్రైవరు ఏమైందో చూద్దామని దిగి వస్తున్నాడు. అతని పెదాల మధ్య బీడీ వెలుగుతోంది.

"బీడీ! బీడీ!" అని ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. తర్వాత వారం రోజులు గొంతు రాలేదు. అతను కిందికి చూశాడు. బీడీని పారేయలేదు, నయం. అరచేతిలో మూసి నలిపేసి, ఆ చేత్తోనే వెనక్కి పరుగెత్తాడు. అతని వెనక ఇంకెందరో పరుగెత్తారు. నీరు పల్లమెరుగు అని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. జీపు ముక్కు పైకి లేస్తే ముందు టంకీ మీదుంటుంది, వెనక టంకీ పల్లంలో ఉంటుంది. ముందుదాంట్లో ఉన్నదంతా వెనకదాంట్లోకి దిగి, పట్టక, పైపులోంచి పోతోంది. అంత చిన్న సంగతి మా చాల్ మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు.

అమ్మ కాళ్ళు కిందికి ఆనవు కదా, తనంతట తాను దిగలేదు. చంకల కింద చేతులు వేసి, ఎత్తి దింపాను. బియ్యం మూట వదలదు. "మూట పారెయ్యే!" అంటే "మీ నాయినవి" అంటుంది. లాక్కుపోయి కొండ వైపు గోడ దగ్గర నిలబెట్టి, అన్న కోసం వెనక్కి చూశాను.

డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. అన్న ఇంజను ఆపేశాడు, అంతవరకు మంచిదే. కానీ దూరంగా రాలేదు. జీపు వెనక కిందకి దూరాడు. నాకు కాళ్ళే కనబడుతున్నాయి. దగ్గరికి పోయి వంగి చూస్తే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పైపు మూతికి బొటనవేలు అదిమి పెట్టాడు. ధార ఆగింది. కానీ చొక్కా, చెయ్యి, జుట్టు అంతా పెట్రోల్. ముఖానికి జానెడు దూరంలో సైలెన్సర్ కాగి ఉంది.

"బయటికి రా అన్నా!"

"వదిలితే ఖాలీ అయితది," అన్నాడు.

"అయితే కానీ! రా!"

"ఖాలీ కానియ్య. పోండ్రి మీరు."

గుడ్డ కుక్కమని ఎవరో దూరం నుంచి హిందీలో అరుస్తున్నారు. నా చున్నీ తీసి అందించాను. తోసేశాడు. బిల్డింగు మీద పైపు పగిలితే కూడా ముందు వేలు పెట్టి ఆపి, తర్వాతే వేరే పని చూసే మనిషి. కానీ ఇది పని కాదని నాకు అప్పుడు అర్థమైంది. కాలిపోతానేమోనన్న భయం ఆ కళ్ళలో లేదు. టంకీ ఖాళీ అవుతుందన్న భయమే ఉంది. మంట అంటుకుంటే నా కళ్ళ ముందే నా అన్న బొగ్గైపోతాడు. కాళ్ళు పట్టుకుని లాగాను. మనిషి కదలడు. తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. మున్సిపల్ పంతులమ్మ నోట రాకూడనివి కూడా.

అమ్మ గోడ దగ్గర నిలబడలేదు. మూట చంకలో పెట్టుకుని ఎప్పుడు వచ్చిందో, నా పక్కన నిలబడి ఉంది.

"ఏమైందిరా నీకు? పెట్రోల్ పోతే పోనీ, మల్ల పోసుకుందం!"

"గప్పుడు గూడ గట్లనే అన్నవ్! ఆపకు పోనియ్ అన్నవ్! టంకీ ఖాలీ చేసి నాయినను రోడ్డు మీద సంపిన. మల్ల ఖాలీ కానియ్య!"

జీపు కింద నుంచి వచ్చిన ఆ గొంతు మా అన్నది లాగా లేదు. ఒట్టు పెట్టించుకుని ఇన్నాళ్ళు దాచిన మాటను అన్నే రోడ్డు మీద అరిచేశాడు. నేను అమ్మ వైపు చూశాను. 

"నువ్వు సంపుడేందిరా?" అంది.

"మల్లెవరు సంపిన్రు? నేను డబ్బా పట్కొని ఉరికినప్పుడే గదా నాయిన పోయింది!"

అమ్మ మూట కింద పెట్టింది. రోడ్డు మీద కూర్చుంది. ఆ పెట్రోల్ తడిలోనే, చీరతో. లేవమని నేను రెక్క పట్టుకుంటే విదిలించేసింది. జీపు కిందికి వంగి మాట్లాడింది.

"గప్పుడు పోలే బిడ్డా. శానా ముందే పోయిండు. పూణె గూడ రాలే అప్పటికి. నా ఒళ్ళెనే పాణం పోయింది."

నాకు వినబడింది. కానీ బుర్రకు ఎక్కలేదు. చుట్టూ హారన్లు, అరుపులు. అన్న గొంతు మాత్రం వెంటనే వచ్చింది.

"అబద్ధం. నన్ను బయటికి గుంజనీకి చెప్తున్నవ్."

"అబద్ధమైతే పంపు కాడ ఎందుకు ఆపొద్దంటి? ఆపితే నలుగురు తొంగి సూస్తరు. పీనుగను తీస్కపోతున్నరంటరు. పోలీసులొస్తరు. మీ నాయినను పరాయి ఊర్ల, ఏ దవాఖాన్లనో పండవెడ్తరు. మట్టి ఊర్లనే కావాలని నా చెయ్యి పట్కొని అడిగిండు. ఇగ నీకు చెప్తే, ఆ స్టీరింగ్ మీద నీ చేతులు నిలుస్తుండెనా? ముగ్గురం సస్తుంటిమి. గందుకే చెప్పలే. జీపు ఆగినంక ఇగ దాచనీకి రాలే."

  ఆ రోజు దారంతా అమ్మ నాయినతో మాట్లాడుతూనే ఉంది. ముందు సీట్లో కూర్చుని నేను విన్నాను. "ఇగో, సోలాపూర్ వచ్చింది. జెర ఓపిక పట్టు. మనోళ్ళు ఎదురుసూస్తుంటరు." ఎండ పడుతోందని దుప్పటి ముఖం మీదికి లాగింది. నేను వెనక్కి తిరిగి చూస్తే, పడుకున్నాడు, లేపకు అంది. అన్ని గంటలు, అన్ని ఊళ్ళు, ప్రాణం లేని మనిషితో మాట్లాడుతూ వచ్చింది. మేమిద్దరం ఒక మూరెడు దూరంలో ఉండి ఏమీ తెలుసుకోలేదు. ఏడవాలన్నా ఏడవకుండా, గొంతు వణకకుండా, మా కోసం అలా కూర్చుంది. అది తెలిసి నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. అన్నకు ఇన్నేళ్ళు ఈ శిక్ష ఎందుకు వేశావని జుట్టు పట్టి అడగాలనిపించింది. కానీ ఆమెకు మాత్రం ఏం తెలుసు? అన్న నోరు విప్పితే కదా. ఒకరు చెప్పలేదు, ఇంకొకరు అడగలేదు. మధ్యలో నాతో అన్న ఒట్టు పెట్టించుకున్నాడు.

 జీపు కింద అన్న పాదాలు కదులుతున్నాయి. అన్న నమ్మాడని ఆ పాదాలను చూస్తే నాకు అర్థమైంది. నమ్మాక కూడా బయటికి రాలేదు.

"మరి నోట్లె నీళ్ళు?" అన్నాడు చివరికి. చిన్నపిల్లవాడి గొంతు.

మా వాళ్ళలో పోయే ప్రాణానికి కొడుకు చేత్తో నోట్లో నీళ్ళు పోయాలి. అది లేకుండా పోయిన మనిషి దప్పికతోనే తిరుగుతాడంటారు. కొడుకు ఉండి కూడా, ఒక చేయి దూరంలో ఉండి కూడా, అన్న ఆ నీళ్ళు పోయలేదు.  అమ్మ దీనికేం చెబుతుంది?

అమ్మ చెయ్యి చాచి, జీపు కింద కనబడుతున్న అన్న కాలి మడమ పట్టుకుంది.

"నేను పోసిన. బాటిల్ల నీళ్ళు, నా చేతుల పట్టి పోసిన. నీ పేరు చెప్పి పోసిన బిడ్డా. నీ కొడుకు పోస్తుండు, తాగు అన్న. నోరు తెరిసిండు. రెండు గుక్కలు మింగిండు."

ముందు పెట్రోల్ ధార మళ్ళీ రోడ్డు మీద పడిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత అన్న బయటికి వచ్చాడు.